మా బావ కన్ను తప్పలేదు

మా బంధువుల్లో ఒక మాట ఇప్పటికీ నడుస్తోంది. ఏ పెళ్లిలోనో ఫొటోలు సరిగా రాకపోతే ఎవరో ఒకరు మా అక్క భర్తను తలచుకుంటారు. "ఆ మనిషి ఉండాల. ఎలగ సేసేవోడు! ఆఖర్న కన్ను తప్పీసినాది గాని" అంటారు. నేను అక్కడే ఉంటాను. చేతిలో ప్లేటు ఉంటే దాని వంక చూస్తూ ఉండిపోతాను. వాళ్లనేది నిజం కాదు. ఆయన చూపు చివరిదాకా సరిగానే ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకు తెలియదు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడైనా ఉన్నదున్నట్టు రాయాలని కూర్చున్నాను.

బావకు చీపురుపల్లి స్టేషన్ దగ్గర ఫొటో స్టూడియో ఉండేది. అందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చేశాక దాన్ని మూసి, ఇంటి ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకున్నాడు. పెళ్లిళ్లు కొత్తవాళ్లు పట్టుకుపోయారు. ఆయనకు మిగిలింది ఒకటే పని, పోయినవాళ్ల ఫొటోలు చెయ్యడం. అందులో ఆయన్ను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఆమదాలవలస నుంచి, నౌపడ నుంచి కూడా పాసింజరెక్కి వచ్చేవాళ్లు.

పల్లెల్లో చాలామందికి బతికుండగా తీయించుకున్న ఫొటో ఉండదు. రేషన్ కార్డు మీద ఇంటిల్లిపాది మధ్య గోరంత ముఖం ఉంటుంది. లేదంటే ఎవరి పెళ్లి ఆల్బంలోనో వెనక వరసలో సగం తల. పెద్దకార్యం నాటికి దాన్ని పెద్ద ఫొటో చేసి తీరాలి. ఆ రోజు ఫొటోను కుర్చీలో పెట్టి, దండ వేసి, పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి ముందు పెడతారు. చర్చికి వెళ్లే ఇళ్లవాళ్లు జ్ఞాపకార్థ కూడికకు చేయించుకునేవాళ్లు.

బావ పని చేసే పద్ధతి వేరు. పోయినవాళ్లకు బాగా దగ్గరి మనిషిని పక్కన స్టూలు మీద కూర్చోబెట్టుకునేవాడు. "కళ్లు మూసుకొని సెప్పమ్మా. తెరిసి సెప్తే నా బొమ్మని సూసి సెప్తావు" అనేవాడు. ఆ మనిషి కళ్లు మూసుకుని బుగ్గలు ఎలా ఉండేవో, నవ్వితే ఏ పక్కకు నవ్వేవాడో చెబుతుంటే ఈయన స్కాన్ చేసిన ముఖాన్ని సరిచేస్తూ పోయేవాడు. అయ్యాక, "ఇప్పుడు సూడు" అనేవాడు. చూసినామె ఏడిస్తే పని అయినట్టు. "బాగుంది బాబూ" అంటే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేవాడు. "బాగుందన్నారంటే ముఖం రానట్టేరా" అని నాతో చాలాసార్లు అన్నాడు.

నేను అప్పట్లో విజయనగరంలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ని. మా కుటుంబాల్లో ఎవరింట్లో కంప్యూటర్ ఆగిపోయినా నాకే కబురు. ఒక వేసవిలో బావ పాత మానిటర్, వెనక పెద్ద బుర్ర ఉండే రకం, కాలిపోయింది. నేను విజయనగరంలో కొత్తది కొని పట్టుకెళ్లాను. పల్చటిది, అడ్డంగా వెడల్పుగా ఉండేది.

బావ దాని ముందూ వెనకా చూసి, "ఇది మానిటరేట్రా బామ్మర్దీ, వడ్డన సేసే బల్లలాగున్నాది" అన్నాడు.

"అందరూ ఇవే కొంటన్నారు బావా. ఇంక పాతవి దొరకవు."

అక్క వంటింట్లోంచి కేకేసింది. "ఒరే తమ్ముడూ, నెత్తళ్లు ఏపీసినాను. సల్లారిపోతే మళ్లీ నన్ననకండి."

అప్పుడు నేను చేసిన పని ఇది. మానిటర్‌తో పాటు అట్టపెట్టెలో ఒక సీడీ వచ్చింది. దాంట్లో డ్రైవర్ ఉంటుంది. డ్రైవర్ అంటే నీకు తగిలించిన మానిటర్ ఫలానాది, దాని పొడుగు వెడల్పులు ఇంత అని కంప్యూటర్‌కు చెప్పే చిన్న ఫైలు. ఆ సీడీ కవరు విప్పి, దాని లోపల వెతికే ఓపిక లేకపోయింది. నా జేబులో పెన్‌డ్రైవ్ ఉంది. అందులో మా ఇన్‌స్టిట్యూట్‌లోని మానిటర్ల డ్రైవర్ ఉంది. కంపెనీ ఒకటే. కానీ అవి చదరం మానిటర్లు. ఇది వెడల్పుది. ఇది మీ మానిటర్‌కు సరిపోకపోవచ్చు, అయినా వెయ్యమంటారా అని కంప్యూటర్ అడిగింది. అలాంటివి రోజుకు పది చూసేవాణ్ని. వెయ్యమని నొక్కాను. తెర మీద బొమ్మ నిండుగా వచ్చింది. నేను వెళ్లి నెత్తళ్ల చేపల వేపుడు తిన్నాను. నాలుగింటి బండికి విజయనగరం వచ్చేశాను.

ఆ బొమ్మ నిండుగా ఎందుకు వచ్చిందంటే, కంప్యూటర్ చదరం తెరకోసం పంపిన బొమ్మను ఆ వెడల్పు తెర అడ్డంగా సాగదీసుకుంది. దాని మీద ప్రతి ముఖమూ ఉన్నదానికన్నా వెడల్పుగా కనబడుతుంది.

వారం తిరక్కుండా బావ ఫోన్ చేశాడు.

"ఒరే, నీ కొత్త డబ్బాలో సచ్చిపోయినోళ్లందరూ ఒళ్లు సేసేరురా. ఎవుల్ని స్కాన్ సేసినా బుగ్గలొచ్చెస్తన్నాయి. పైన తిండి బాగా పెడతన్నారేటి?"

నేను నవ్వాను. "ఎడల్పు మానిటర్ గదా బావా. మొదట్లో అలగే ఉంటాది. నాలుగురోజులు సూస్తే అలవాటైపోతాది."

అది సరదాగా అన్న మాట కాదు. నాకు తెలిసిన మనిషిలా అన్నాను. ఆయన నమ్మాడు. నమ్మి, ముఖాలు తెర మీద సహజంగా కనిపించేదాకా సన్నం చేయడం మొదలుపెట్టాడు. పక్కన కూర్చున్నవాళ్లు చూసి ఏడ్చేవాళ్లు. తెర మీద నిజంగానే ముఖం వచ్చేది. తీరా విజయనగరం ల్యాబులో ప్రింటు వేయిస్తే, కాగితం మీద అదే మనిషి చిక్కిపోయి, దవడలు లోపలికి పోయి కనబడేవాడు.

బావ ప్రింటు పట్టుకుని ల్యాబువాళ్లతో గొడవకు వెళ్లాడు. ల్యాబాయన తన కంప్యూటర్‌లో ఫైలు తెరిచి చూపించి, "మీరు పంపిందే సన్నంగా ఉన్నాది గదండీ. మాదేటి తప్పు?" అన్నాడట. బావ అక్కడినుంచి నడిచి మా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. నేను క్లాసులో ఉన్నాను. వరండాలోకి వచ్చి నిలబడే మాట్లాడాను.

"ఇంటికాడ సూస్తే సరిగ్గానే ఉన్నాదిరా. ఇక్కడికొస్తే సిక్కిపోతన్నాడు. ఒకసారొచ్చి ఆ డబ్బా సూడు."

"డబ్బాలో ఏటీ నేదు బావా. తెర మీద ఎలుగు, కాగితం మీద రంగు. రెండూ ఒకలాగ ఉండవు. నువ్వే సేతిని కొంచెం ఆపుకో."

ఆయన ప్రింటు చుట్టుకుని మెట్లు దిగాడు. నా వెనక క్లాసులో ఆ చదరం మానిటర్లు వరసగా వెలుగుతూ ఉన్నాయి.

దసరా వెళ్లాక నౌపడ నుంచి ఒకామె వచ్చింది. భర్త ఉప్పుమడుల్లో పనిచేసేవాడు. గొంతులో జబ్బు వచ్చి నెలల తరబడి ముద్ద దిగక, ఎముకల పోగై పోయాడు. ఆమె కోరింది ఒకటే. జబ్బు రాకముందున్న ముఖం కావాలి. బావ ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాడు. ఆ రోజు అక్క కూడా గదిలో ఉంది. పూట గడిచిపోయిందనీ, ఆమె భర్త ముఖం గురించి చెబుతూ చెబుతూ అతని గొంతుతో మాట్లాడినట్టు మాట్లాడిందనీ అక్క తర్వాత నాకు చెప్పింది. కళ్లు తెరిచి తెర చూడగానే ఆమె స్టూలు మీంచి జారి కింద కూర్చుని ఏడ్చిందట. అంతకన్నా బావకు కావాల్సింది లేదు. ప్రింటు ల్యాబు నుంచి నేరుగా ఫ్రేము కట్టించుకుని, అట్ట చుట్టి, ఆమె తమ్ముడు పట్టుకెళ్లాడు. పెద్దకార్యం మర్నాడే. విప్పి చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

పెద్దకార్యం అయిన మూడో రోజు ఆమె ఒక్కతే రైలెక్కి వచ్చింది. ఫ్రేము చీరచెంగులో కప్పి తెచ్చి, అరుగు మీద గోడవైపు తిప్పి పెట్టింది. తిట్టలేదు, కేకలెయ్యలేదు.

"పులుసు, సేపలు, గారెలు అన్నీ ముందల పెట్టినాం బాబూ. ముద్ద దిగనోడి ముఖం. అలగే సూస్తన్నాడు. నీ కంటికి మా ఆయన ఇలగే అవుపించాడా?"

ఆ ఒక్క మాట అని వెళ్లిపోయింది. బావ ఆ రోజునుంచి కంప్యూటర్ వెయ్యలేదు. వచ్చినవాళ్లను వేరేచోటికి వెళ్లమన్నాడు. ఫ్రేము మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. పరాయి మనిషే అయినా పోయినవాడి ఫొటో, అవతల పారెయ్యలేరు కదా. అక్క దాన్ని పాత పంచెలో చుట్టి బీరువా పైన పెట్టింది.

రెండు నెలల తర్వాత అక్కే నన్ను పిలిచి, "ఆ కంప్యూటర్ పెట్టె తీసుకుపోరా. అదున్నంతసేపు మీ బావ ఆ గదిలో కాలెట్టడు" అంది. మా అమ్మాయి చదువుకు పనికొస్తుందని ఇంటికి తెచ్చి, ఒక ఆదివారం మధ్యాహ్నం తగిలించాను. అమ్మాయి బొమ్మలు గీసే ప్రోగ్రాం తెరిచి కాసేపు ఆడుకుంది.

"నాన్నా, సున్నా గీస్తే పడుకున్న గుడ్డు వస్తోంది."

వెళ్లి చూశాను. నిజమే. ఎన్నిసార్లు గీసినా గుడ్డే. సెట్టింగులు తెరిచాను. మానిటర్ పేరు ఉండాల్సినచోట మా ఇన్‌స్టిట్యూట్ మానిటర్ మోడల్ నంబరు ఉంది. నేను వేసిందే. అమ్మాయిని అవతలికి వెళ్లి ఆడుకోమన్నాను. అక్క అట్టపెట్టె కూడా పడెయ్యకుండా పంపింది. అందులో సీడీ కవరు విప్పకుండా అలాగే ఉంది. దాన్ని పెట్టి, పాత డ్రైవర్ తీసేసి, సరైనది వేశాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వెలిగింది. సున్నా గుండ్రంగా ఉంది.

తర్వాత బావ ఫోల్డర్ తెరిచాను. వేసవి నుంచి దసరా దాకా ఆయన చేసిన ముఖాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూశాను. ముసలమ్మలు, నడివయసు మగవాళ్లు, పెళ్లికాని ఒక అమ్మాయి. అందరూ చిక్కిపోయి ఉన్నారు. చివరి ఫైలు ఉప్పుమడుల మనిషిది. గొంతు నరాలు లెక్కపెట్టొచ్చు. దాన్ని వెడల్పులో అయిదో వంతు సాగదీశాను. అంటే ఆ తెర మీద బావకు కనిపించినంత. బొద్దుగా, ఎండకు కమిలి, పెదవి ఒక పక్కకు లేచి నవ్వబోతున్న మనిషి వచ్చాడు. అతన్ని నేనెప్పుడూ చూడలేదు. అయినా బతికున్న మనిషని తెలిసింది. ఆమె స్టూలు మీంచి జారింది ఈ ముఖం చూసి.

అప్పుడే లేచి చీపురుపల్లి వెళ్లాల్సింది. గంట ప్రయాణం. వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో చాలా ఏళ్లు నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నాను. ఇంత చిన్న పని తప్పు చేశానంటే నా పరువేం కావాలి అన్నది ఒకటి. అదొక్కటే అయితే ఎప్పుడో ఒకప్పుడు చెప్పేవాణ్నేమో. మా ఇళ్లల్లో ఎవరు ఏ సంగతి తెచ్చినా, "బావనడుగు, ఆయన కన్ను కన్ను" అనేవారు. పెళ్లిచూపులకు కూడా ఆయన్నే తీసుకెళ్లేవారు. ఆ కన్ను ఒకసారి తప్పిందని అందరూ అనుకోవడంలో నాకు ఏదో చిన్న ఊరట ఉండేది. రాస్తుంటే సిగ్గుగా ఉంది కానీ అది నిజం.

ఆ తర్వాత నేను చేసింది ఇంకా అన్యాయం. బావను కళ్లాసుపత్రికి తీసుకెళ్లమని అక్క అడిగితే, శ్రీకాకుళం నేనే తీసుకెళ్లాను. అన్నీ తెలిసి, ఆయన పక్కన బెంచీ మీద కూర్చున్నాను. గోడ మీది అక్షరాల అట్టను ఆయన చివరి వరస దాకా తడుముకోకుండా చదివాడు. డాక్టరు కళ్లలోకి లైటు వేసి చూసి, ఏ లోపమూ లేదు, ఈ వయసుకు ఇంత మంచి చూపు అరుదు అన్నాడు. ఇంకొకరైతే సంతోషపడేవారు. ఆమదాలవలస స్టేషన్‌కు ఆటోలో వస్తున్నప్పుడు బావ నన్నడిగాడు.

"కళ్లలో ఏటీ నేదంట. మరి లోపం ఎక్కడున్నాదిరా?"

నా నోట్లో మాట ఉంది. ఆటో గేటు దగ్గర ఆగింది. గూడ్సు బండి పోతోంది. చాలా పెట్టెలు.

"వయసు బావా" అన్నాను. "ఒగ్గీ. ఇంక దాని గురించి ఆలోసించకు."

ఆయన తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు ఏ పనిలో ఉన్నా గుర్తొస్తుంది. నేను చెప్పినవన్నీ నమ్మినట్టే దాన్నీ నమ్మాడు.

ఆ తర్వాత మూడేళ్లు బతికాడు. ఎవరైనా ఆల్బం చేతికిస్తే తెరవకుండా పక్కవాళ్లకు అందించేవాడు. గోడ మీద తను చేసిన వాళ్ల నాన్న ఫొటో కూడా తీసి లోపల పెట్టేశాడు. ఒకరోజు పొద్దున్న టీ తాగుతూ గుండె ఆగి పోయాడు. ఆయన పెద్దకార్యంలో కుర్చీలో ఫొటో లేదు. "నాది పెట్టొద్దన్నాడు. ఎవులు సేసినా సరిగా రాదన్నాడు" అంటూ అక్క ఎంతమంది చెప్పినా వినలేదు. కుర్చీలో ఆయన తువ్వాలు మడిచి పెట్టింది.

నన్ను మాత్రం ఆ ముఖాలు వదల్లేదు. ఆ వైపు పల్లెల్లోకి శుభలేఖలివ్వడానికో, పరామర్శకో వెళ్తాను. మంచం వాల్చి కూర్చోమంటారు. తలెత్తితే గోడ మీద ప్లాస్టిక్ దండ వెనక ఒక చిక్కిన ముఖం ఉంటుంది. ఏ నెలల్లో చేసిందో చూడగానే తెలుస్తుంది. మంచినీళ్లు తెచ్చిన కోడలు నా చూపు చూసి, "మా అత్తండి. ఆఖర్న బాగా సిక్కిపోయింది కాబోలు, నేనొచ్చేటప్పటికి నేదు" అంటుంది. ఆ అత్త చిక్కిపోలేదని చెప్పగలిగినవాణ్ని నేనొక్కణ్నే. మంచినీళ్లు తాగి లేచి వచ్చేస్తాను.

మొన్న చలికాలంలో అక్క బీరువా సర్దుతూ పంచెలో చుట్టిన ఫ్రేము దించింది. "ఇంకెన్నాళ్లురా ఒకరి మొగుణ్ని నా ఇంట్లో ఉంచుకోవడం? నౌపడెల్లి ఇచ్చీసి రా" అంది. సరేనన్నాను. ఇంటికి వచ్చి, దాచి ఉంచిన ఫైలు తీసి, బావ తెర మీద చూసిన ముఖాన్ని ఉన్నదున్నట్టు ప్రింటు వేయించి ఫ్రేము కట్టించాను. రెండూ సంచిలో పెట్టుకుని బండెక్కాను. ఆమె ఈ ముఖం చూసి ఇతనే అంటే, బావ కన్ను గెలిచినట్టేనని దారంతా అనుకున్నాను. నేను చెప్పలేనిది ఆమె చెబుతుందని ఆశ.

స్టేషన్ దాటాక ఉప్పు కుప్పల మీద తాటాకులు కప్పి ఉన్నాయి. అడిగితే ఇల్లు చూపించారు. ఆమెకు జుట్టు మొత్తం నెరిసింది. పాత ఫ్రేము పంచె సగం విప్పగానే గుర్తుపట్టి చెయ్యి అడ్డం పెట్టింది. కొత్తది ఇచ్చాను. వెలుతురులోకి పట్టుకెళ్లి చాలాసేపు చూసింది. ఏడవలేదు.

"బాగున్నాడు బాబూ" అంది.

"ఆయనేనామ్మా?"

"అయ్యే ఉంటాడు. నాకిప్పుడు కళ్లు మూసుకుంటే ఆ సిక్కిపోయిన ముఖమే వస్తాది. ముందల ఎలగుండేవోడో ఎన్నాళ్లనుండో రాటం నేదు."

ఆమె వాకిట్లోనే కూర్చుని మొత్తం చెప్పాను. మానిటర్, డ్రైవర్ అంటే ఆమెకు తెలియదు. తప్పు అద్దాలు పెట్టుకున్న మనిషికి లోకం ఎలా కనిపిస్తుందో అలా అన్నాను. ఆ అద్దాలు పెట్టింది నేనన్నాను. ఆమె మధ్యలో ఆపలేదు.

"అయితే ఆ బాబు తప్పు నేదేటి?"

"లేదమ్మా."

"ఆ బాబుకి ఈ సంగతి తెలిసే పోనాడా?"

"తెలియదు. నేను చెప్పలేదు."

ఆమె ఫొటోను ఒళ్లో బోర్లా పెట్టుకుంది. "నువ్వు సెప్పీసి తేలికైపోనావు. నేను ఆ బాబు ఇంటి అరుగు మీద ఒక మాట అనీసినాను. ఎంత మాటన్నానో నాకు తెలుసు. ఆయన్ని అన్నాను. నిన్ను గాదు. దాన్ని ఎవులికాడికెల్లి ఎనక్కి తీసుకోను?"

నేను పాత ఫ్రేముకు పంచె మళ్లీ చుట్టాను.

"ఆయన పెళ్లాం ఉన్నాదా?"

"ఉందమ్మా. మా అక్కే."

"నన్ను తీసుకెల్లు."

ఆదివారం వచ్చి తీసుకెళ్తానని లేచాను. బండి చీపురుపల్లిలో ఆగినప్పుడు దిగిపోయాను. ఇంక వాయిదా వేయడానికి లేదు. అక్క వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. "ఇచ్చీసినావా?" అంది. నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, నౌపడలో చెప్పిందంతా మళ్లీ చెప్పాను. ఆటోలో ఆయన అడిగిందీ, నేను అన్నదీ కూడా. అక్క చేతులు పనిచేస్తూనే ఉన్నాయి. పిక్కలు ఒకవైపు, పండు ఒకవైపు. చెప్పడం అయిపోయాక కూడా చాలాసేపు పనిచేసింది.

"ఆదివారం ఆవిడొస్తాదన్నమాట."

"అవునక్కా. నేనే తీసుకొస్తాను."

"సందు మొదట్లో దింపీసి ఎల్లిపో. నువ్వు లోపలికి రావొద్దు."

ఆదివారం అలాగే చేశాను. ఆమె సంచి పట్టుకుని, నేను చూపించిన గుమ్మంవైపు నడిచింది. అక్క బయటకు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. తలుపు వేసుకుంది. నేను స్టేషన్‌లో మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఆమెను తిరిగి బండెక్కించింది అక్కే. ఇద్దరూ నా ముందునుంచే ప్లాట్‌ఫాం మీద నడిచి వెళ్లారు. ఏం మాట్లాడుకున్నారో నాకు ఎవరూ చెప్పలేదు.